మాటలు తెలిసినా చెవికి ఎందుకు అందవు?

చదివితే తెలిసే ఇంగ్లీషే వింటే ముద్దగా ఉంటోందని, ఒక మాట దగ్గర ఆగితే ప్రకటన మొత్తం చేజారిపోతోందని రాశారు. రెండేళ్ల క్రితం నాదీ ఇదే గోడు.

మీ చిక్కు పదజాలంలో లేదండీ, సంధిలో ఉంది. ‘వాడు’, ‘ఎక్కడ’ కలిసి ‘వాడెక్కడ’ అయినట్టే, ‘చెక్’, ‘ఇట్’, ‘ఔట్’ కలిసి ‘చెకిటౌట్’ అవుతాయి. పుస్తకంలో విడివిడిగా చూసిన మాటలను చెవి గుర్తుపట్టదు. అంకెలు మరీ మోసం చేస్తాయి: ‘ఫిఫ్టీ’లో ఊనిక మొదట, ‘ఫిఫ్టీన్’లో సాధారణంగా చివర. 15ను 50గా రాసి నేను పోగొట్టుకున్న మార్కులకు లెక్క లేదు.

రోజుకు రెండు నిమిషాల ప్రసంగం ఒక్కటి చాలు. మొదటిసారి ఎవరు, ఎవరితో, ఎందుకు మాట్లాడుతున్నారో పట్టుకోండి. రెండోసారి సమయం, చోటు, మార్పు రాసుకోండి. తర్వాతే రాతప్రతి చూసి, దొరకని వాక్యాన్ని అదే వేగంతో పైకి పలకండి. అందరూ ఎగ్గొట్టేది ఈ పనినే, ఫలితమంతా ఇందులోనే ఉంది. బీబీసీ ‘సిక్స్ మినిట్ ఇంగ్లీష్’ రాతప్రతితో సహా ఉచితంగా దొరుకుతుంది.

అమీర్‌పేటలో మెట్రో మారేటప్పుడు ఇయర్‌ఫోన్లు తీసేయండి. ప్రకటనలు తెలుగులోనూ వస్తాయి కనుక, ఇంగ్లీషులో విన్నది సరో కాదో అక్కడే తేలిపోతుంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు నంబరును అంకె అంకెగా చదువుతారు, అదీ మంచి సాధనే.

విదేశాల్లో చదువు, ఉద్యోగాల కోసం రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ కోసమైతే, వినే విభాగంలో 40 ప్రశ్నలు, రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. ఒక్కరే మాట్లాడే ప్రసంగాలు రెండో, నాలుగో భాగాల్లో వస్తాయి. ప్రశ్నలు ముందే చదవండి. ఒకటి జారిపోతే వదిలేసి తర్వాతిదానికి వెళ్లండి. స్పెల్లింగు తప్పినా మార్కు రాదు, జాగ్రత్త.