కీబోర్డు ముందు కూర్చోబోయే మా అమ్మాయికి

అమ్మాయీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఈ నెలాఖరు ఆదివారం నుంచి మీ చర్చిలో కీబోర్డు నువ్వే వాయిస్తావని చెప్పాడు. ఎంత సంతోషపడ్డానో! నీకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదని కూడా చెప్పాడు. నోట్సు చూసి వాయించడం నాకంటే నీకే బాగా వచ్చు, నేను వేళ్ల సంగతి చెప్పబోవడం లేదు. చిత్తూరులో ముప్పై ఆరేళ్లు సంఘం పాటకు వాయించాను. అందులో సగం కాలం కాళ్లతో తొక్కే హార్మోనియం మీదే. అన్నేళ్లలో నేను నేర్చుకున్నది ముఖ్యంగా చెవుల పని. అది రాస్తాను.

శనివారం మధ్యాహ్నానికల్లా అయ్యగారిని, అంటే మీ పాస్టరుగారిని అడిగి పాటల నంబర్లు తీసుకో. ఆదివారం పొద్దున బల్ల మీద చీటీ పెడతారులే అని ఊరుకోకు. నంబర్లు చేతికొచ్చాక వెంటనే కీబోర్డు ఆన్ చెయ్యకు. పాట మాటలు పైకి చదువు, రెండుసార్లు చదువు. ఎక్కడ నీకు ఊపిరి తీసుకోవాలనిపిస్తుందో అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెట్టు. రేపు రెండువందల మంది ఊపిరి తీసుకునేదీ అక్కడే. నీ చేతులు కీల మీద నుంచి లేవాల్సిందీ అక్కడే.

నువ్వు పియానో పద్ధతిలో నేర్చుకున్నావు కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్తాను. పియానో స్వరం కొట్టగానే మొదలై, దానంతట అదే సన్నబడిపోతుంది. ఆర్గన్ స్వరం అలా కాదు, కీ మీద వేలు ఉన్నంతసేపూ ఒకే బలంతో మోగుతుంది. నువ్వు చరణం మొదటి నుంచి చివరిదాకా చేతులు ఎత్తకుండా కలిపేసి వాయిస్తే, పాడేవాళ్లకు ఊపిరి తీసుకోవడానికి సందే దొరకదు. సగంమంది ఒక మాట మింగేస్తారు, మిగతావాళ్లు ఒక దెబ్బ వెనకబడతారు. అందరూ వాయించేవాళ్ల వెంట పరుగెత్తుతారు. పాత హార్మోనియంలో ఆ బాధ తక్కువ. రెండు పెడళ్లు తొక్కీ తొక్కీ కాళ్లు అలిసేసరికి గాలి తగ్గేది, వాయించేవాళ్లూ పాడేవాళ్లతో పాటే ఊపిరి పీల్చుకునేవాళ్లు. కరెంటు కీబోర్డుకు ఆ అలసట లేదు కాబట్టి నువ్వే గుర్తుపెట్టుకోవాలి. వాయిస్తూ నోట్లో నువ్వూ పాడు. పెదాలు కదిలితే చాలు, చేతులు వాటంతట అవే సరైన చోట లేస్తాయి.

తర్వాత శృతి. ఇంగ్లిషు పాటల పుస్తకాల్లో అచ్చైన స్కేలు నాలుగు గొంతుల్లో పాడే క్వాయర్‌కు సరిపోతుంది. మన సంఘంలో ఆడవాళ్లూ మగవాళ్లూ అందరూ ఒకే వరుస, అంటే ఒకే ట్యూను పాడతారు. పాటలో అన్నిటికంటే పైనున్న స్వరం ఏదో వెతుక్కో. అది పై సి దగ్గర ఆగితే మంచిది, పై డి దాటనివ్వకు. పొద్దున ఎనిమిది గంటల ఆరాధనకైతే ఇంకో మెట్టు దించు. నిద్ర లేచి రెండు గంటలు కాని గొంతులు పైకి పోవు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. ఒక క్రిస్మస్ తెల్లవారుజామున ఆరాధన. ముందురోజు రాత్రి యువజనుల ప్రాక్టీసులో కీబోర్డు ట్రాన్స్‌పోజ్, అంటే పాట శృతినంతా పైకీ కిందికీ జరిపే సెట్టింగు, మూడు మెట్లు పెంచారు. అది ఆపేసినా సెట్టింగు గుర్తుపెట్టుకునే రకం. నేను చూసుకోకుండా మొదలుపెట్టాను. పాట మొదటి లైనుకు మగవాళ్లు కింది స్థాయికి దిగిపోయారు. మూడో లైనుకు ఆడవాళ్ల వైపు నుంచి శబ్దమే లేదు. మూడో బెంచీలో ఒక ముసలమ్మ ఉండేది, కళ్లు కనపడకపోయినా చేతిలో పాటల పుస్తకం లేకుండా ఏనాడూ కూర్చునేది కాదు. ఆమె పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. రెండు చేతులూ దాని మీద పెట్టి, పాట అయ్యేదాకా అలాగే కూర్చుంది. ఏడాదంతా ఎదురుచూసిన పాట అది. ఆమెను పాడనివ్వకుండా చేసింది నేను. ఆ తర్వాత ట్రాన్స్‌పోజ్ సున్నా మీద ఉందో లేదో చూడకుండా నేను ఏ ఆదివారమూ కూర్చోలేదు. నువ్వూ చూసుకో.

ఇప్పుడు కీర్తనల సంగతి. నీకు అన్నిటికంటే కష్టమనిపించేవి ఇవే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా కీర్తనల నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. అవి అలంకారానికి రాసినవి కావు. పురుషోత్తమ చౌదరిగారి లాంటివాళ్లు (1803–1890) ఈ కీర్తనలు కట్టింది మన జనానికి అప్పటికే తెలిసిన పల్లవి, చరణాల పద్ధతిలో. మీ తిరుపతి కొండ మీద అన్నమయ్య పాడింది కూడా ఆ పద్ధతిలోనే కదా. కాబట్టి ఆ రాగాన్ని గౌరవించు.

ఉదాహరణకు బిలహరి రాగం తీసుకో. సి ని షడ్జమం, అంటే 'స' అనుకుంటే, పైకి పోయేటప్పుడు సి, డి, ఇ, జి, ఎ, మళ్లీ సి. ఎఫ్ లేదు, బి లేదు. అవి రెండూ కిందికి దిగేటప్పుడే వస్తాయి. అలాంటి పాట పైకి ఎక్కుతుంటే నువ్వు ఎడమచేత్తో అలవాటుగా ఎఫ్ కార్డు పెట్టావనుకో, రాగంలో లేని స్వరం మధ్యలో వచ్చి కూర్చుంటుంది. పాడేవాళ్లకు ఏం తప్పు జరిగిందో చెప్పడం రాదు, కానీ గొంతు తడబడుతుంది. అలాంటి కీర్తనలకు ఎడమచేత్తో సి, జి మాత్రం పట్టుకుని ఉండు, తంబూరాలాగా. కుడిచేత్తో వరుస వాయించు. అంతే చాలు, బోసిగా ఉందనుకోకు. శంకరాభరణంలో ఉన్న కీర్తన అయితే నీ మేజర్ స్కేలే కాబట్టి కార్డులు హాయిగా వేసుకో.

ఇంకో మాట. ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా హార్మోనియంను దూరం పెట్టింది. ఆ కీల మీద గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చుతూ పాడేవి, పలకవని ఒక పెద్ద ఫిర్యాదు. ఫిర్యాదు నిజమే. ఆనందభైరవి లాంటి రాగంలో పెద్దవాళ్లు గొంతుతో చేసే ఆ ఊపు నీ కీల మీద రాదు. రాకపోతే అనుకరించే ప్రయత్నం చెయ్యకు. అలాంటి చోట శృతి మాత్రం ఉంచి, వరుసను వాళ్ల గొంతుకే వదిలెయ్యి.

రిథమ్ బటన్ గురించి గట్టిగానే చెప్తున్నాను. సంఘం కీర్తన పాడేటప్పుడు దాన్ని నొక్కకు. చాలా కీర్తనలు తాళం దెబ్బ మీద మొదలవవు, దెబ్బ పడ్డాక ఎత్తుకుంటారు. ఒక చరణం అయ్యాక పుస్తకంలో తర్వాతి చరణం వెతుక్కోవడానికి పెద్దవాళ్లకు రెండు క్షణాలు కావాలి. ఆ మెషీన్ ఎవరికోసమూ ఆగదు. యువజనులు అడిగితే వాళ్ల కూడికలో వేసుకోండని ప్రేమగా చెప్పు.

సాగదీసే సమస్య ప్రతి సంఘంలోనూ ఉంటుంది. మా చిత్తూరులో ఇంకా ఎక్కువ. ఇళ్లలో తమిళం మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి, వేలూరు పక్కనే. తంజావూరు తమిళ క్రైస్తవ కవి వేదనాయగ శాస్త్రియార్ (1774–1864) పాటలు చిన్నప్పటి నుంచి పాడినవాళ్ల నడక వేరు. సాగదీస్తున్నప్పుడు వాల్యూమ్ పెంచాలనిపిస్తుంది, పెంచకు. పెంచితే వాళ్లు నిన్ను వింటూ పాడటం మానేస్తారు. ఒక్కో స్వరాన్ని కొంచెం పొట్టిగా, విడివిడిగా వాయించు. అడుగులు స్పష్టంగా వినబడితే జనం వాళ్లంతట వాళ్లే కలుస్తారు. పాట ముందు నువ్వు వాయించే ఆ ఒకటి రెండు లైన్లు కూడా, పాడబోయే వేగంలోనే ఉండాలి. అక్కడ నెమ్మదిగా వాయించి, జనం ఎత్తుకున్నాక పరుగు పెట్టడం అన్యాయం.

మీది లూథరన్ సంఘం. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి 19వ శతాబ్దంలో మీ వైపు వచ్చిన మిషనరీలు తమ వరుసలు తెచ్చారు, కాబట్టి ఆ పాత జర్మన్ వరుసలు నీకు ఎక్కువ తగులుతాయి. 1524లో వచ్చిన మొదటి లూథరన్ పాటల పుస్తకంలో ఉన్నవి 8 పాటలే. మొదట్లో జనం వాటిని ఏ వాద్యం తోడూ లేకుండానే పాడేవారు. సంఘం పాటకు ఆర్గన్ తోడు రావడం మామూలైంది చాలా కాలం తర్వాత. నాకు ఈ సంగతి తెలిసిన రోజు మనసు తేలికపడింది. పాట మన మీద ఆధారపడి లేదు, మనం పాటకు సాయంగా వచ్చాం. అందుకే ప్రతి ఆదివారం ఏదో ఒక పాటలో ఒక చరణానికి పూర్తిగా చేతులు తీసెయ్యి. ముందే అయ్యగారికి చెప్పి ఉంచు, లేకపోతే కరెంటు పోయిందనుకుంటారు. ఆ చరణంలో నీ సంఘం గొంతు నీకు వినబడుతుంది. ఎవరు శృతి పట్టుకుంటున్నారో, ఏ బెంచీ నుంచి పాట రావడం లేదో తెలుస్తుంది.

మా వైపు ఒక పల్లెలో మరణం జరిగినప్పుడు వెళ్లాం. హార్మోనియం తీసుకుపోయే వీలు లేదు. వాకిట్లో చాప మీద కూర్చున్న ఒకామె, ఎవరూ అడగకుండానే కీర్తన ఎత్తుకుంది. ఎంత సరైన శృతిలో ఎత్తుకుందంటే, చివరి చరణం దాకా ఒక్క గొంతూ జారలేదు. ఇంటికొచ్చి హార్మోనియం మీద చూసుకుంటే అది నేను ఎప్పుడూ వాయించేదానికంటే రెండు మెట్లు కింద. ఆ ఆదివారం నుంచి ఆ కీర్తనను ఆమె శృతిలోనే వాయించాను.

శుభ శుక్రవారం, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనకు వాయించే అవకాశం వస్తే ముందురోజు ఫోన్ చెయ్యి, దాని గురించి విడిగా మాట్లాడుకుందాం. అది ఉత్తరంలో చెప్పేంత చిన్నది కాదు.

మీ నాన్న శనివారం చిత్తూరు వస్తున్నాడు కదా, నా నోటుబుక్కు ఇచ్చి పంపుతాను. అట్ట ఊడిపోయింది, జాగ్రత్త. ప్రతి పాట నంబరు పక్కన మా సంఘం హాయిగా పాడిన శృతి రాసి ఉంటుంది, కొన్నిచోట్ల మూడు నాలుగుసార్లు కొట్టేసి మార్చాను. అవి మా జనం గొంతులు. మీ తిరుపతి వాళ్లకు సరిపోనిచోట కొట్టేసి నీది రాసుకో. వెనక పేజీలు ఖాళీగానే ఉన్నాయి.

ప్రేమతో,
మీ అత్త