త్రిశంకువు కింద నిలువురాళ్ళు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఆస్ట్రేలియాలోని గ్లెన్ ఇన్నెస్ ఊరి గురించి నీవు రాసిన యాత్రావ్యాసం రెండుసార్లు చదివాను. ఆ ఊరి నిలువురాళ్ళను నీవు ‘వేల ఏళ్ళ నాటి కెల్టిక్ శిలలు’ అన్నావు. అవి 1992లో ప్రారంభమైన స్మారకం. న్యూ సౌత్ వేల్స్‌లో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ పీఠభూమి పట్టణంవారు, స్కాట్లాండ్, ఐర్లాండ్, వేల్స్ వంటి కెల్టిక్ ప్రాంతాల నుంచి ఆస్ట్రేలియాకు వలస వచ్చినవారి జ్ఞాపకార్థం, స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో ఉన్న వేల ఏళ్ళ నాటి బ్రోడ్గర్ శిలావలయాన్ని మనసులో ఉంచుకొని, పెద్ద పెద్ద గ్రానైట్ బండలు తెచ్చి నిలబెట్టారు. వాటి వయసు తగ్గిపోయిందని నిరాశపడకు. బ్రోడ్గర్‌లో రాళ్ళెత్తినవారి మనసును మనం ఊహించుకోవలసిందే. ఇక్కడ ఎందుకు ఎత్తారో ఊరివారినే అడిగి తెలుసుకోవచ్చు. ఆ అవకాశాన్ని నీవు చేజార్చుకున్నావు.

వలయంలోని 24 రాళ్ళు రోజులోని గంటలకు గుర్తులని రాశావు, బాగుంది. కానీ దక్షిణ శిలువ (సదరన్ క్రాస్) అనే నక్షత్రాల గుంపు ఆకారంలో నిలిపిన రాళ్ళను ఒక్క వాక్యంలో దాటేశావు. మన పెద్దలు త్రిశంకువు అని చెప్పే చుక్కలు అవే. ఆర్క్నీ ఆకాశంలో అవి ఎన్నడూ ఉదయించవు. తాతముత్తాతల తీరున రాతివలయం కట్టుకున్నవారు, ఆ తాతలు తమ ఊరినుంచి చూడలేని చుక్కలకు అందులో చోటిచ్చారు. మన పల్లెల్లో వేసవి రాత్రుల్లో దక్షిణాన నేలకు దగ్గరగా కనబడే త్రిశంకువు, మీరు బస చేసిన కారవాన్ (కారు వెనక లాగే ఇల్లుబండి) మీద ఎంత ఎత్తున నిలిచి ఉంటుందో! బ్రిస్బేన్‌లో పిల్లలను పెంచుకుంటున్న నీవు ఆ రాళ్ళ దగ్గర కాసేపు ఆగితే, నేను రాయలేనిది రాయగలవు.

వీధి బోర్డుల మీద ఇంగ్లీషుతో పాటు స్కాట్లాండ్‌ పాత భాష గేలిక్ కూడా ఉందన్నావు. దాన్ని చదవగలిగినవారు ఊళ్ళో ఎందరో కనుక్కున్నావా? వలస వచ్చినవారికంటే ముందు ఆ నేల అక్కడి ఆదివాసులైన న్గారబల్ ప్రజలది. వారి ప్రస్తావన లేకుండా ఆ ఊరి వారసత్వం గురించి రాస్తే, ఎంత అందంగా రాసినా అది సగం చరిత్రే అవుతుంది.

ఇక కారవాన్ సంగతి. బండి ఒరగకుండా చక్రాల కింద చెక్కలు సర్దడం, అక్కడి చలికాలమైన జూన్‌లో తెల్లవారుజామున నీళ్ళగొట్టం గడ్డకట్టి ఉండటం, గ్యాస్ పొయ్యి మీద టీ కాగేదాకా పిల్లలు ఒకే దుప్పటిలో ముడుచుకొని కూర్చోవడం నీవు రెండు వాక్యాల్లో ముగించావు. కరపత్రంలో దొరికే వర్ణన మాత్రం రెండు పేజీలు నింపింది. ఆ పేజీలు తీసివేసి, గడ్డకట్టిన గొట్టంతో మొదలుపెట్టి, ఆ చలిలోనే పిల్లల చేయి పట్టుకొని రాళ్ళ దాకా నడిచివెళ్ళు. తిరగరాసి పంపు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు