నాయనమ్మ ముగ్గుల పుస్తకం, జాజు గోడ

ప్రశ్న: మా నాయనమ్మ గత ఏడాది కన్నుమూశారు. మా ఊళ్లో ఎవరింట పెళ్లి జరిగినా గోడలకు జాజు (ఎర్రమట్టి రంగు), సున్నంతో బొమ్మలు వేయడానికి, పెళ్లిలో పూజించే ఐరేని కుండలకు రంగులు దిద్దడానికి ఆమెనే పిలిచేవారు. ఆమె వేసిన పూలతీగలు, చిలుకలు మా పాత మట్టి ఇంటి లోపలి గోడ మీద ఇప్పటికీ ఉన్నాయి. చుక్కల లెక్క పక్కనే రాసుకుంటూ పెన్సిలుతో గీసిన ముగ్గుల నోటుపుస్తకం నా దగ్గర ఉంది. వచ్చే వేసవిలో ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాలని మా బాబాయి నిర్ణయించారు. సంవత్సరీకం నాటికి ఆమె గురించి ఒక చిన్న పుస్తకం వేయాలని, ఆ నోటుపుస్తకాన్ని లామినేషన్ చేయించాలని అనుకుంటున్నాను. ఇది సరైన పద్ధతేనా?
– ఒక పాఠకురాలు, జనగామ జిల్లా

జవాబు: పుస్తకం తప్పకుండా వేయండి, లామినేషన్ మాత్రం చేయించకండి. వేడికి కాగితానికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను కాగితం చెడకుండా విడదీయడం దాదాపు అసాధ్యం. చిరిగిన చోట సెల్లోటేపు కూడా వద్దు, కొన్నేళ్లకు దాని జిగురు పసుపు మరకగా మిగులుతుంది. తుప్పు పట్టిన పిన్నులుంటే మెల్లగా తీసేసి, ప్రతి పేజీని స్కాన్ చేయించి, అసలు పుస్తకాన్ని ఉతికి ఆరబెట్టిన తెల్లని నూలుగుడ్డలో చుట్టి, తేమ తగలని బీరువాలో ఉంచండి.

గోడ విషయంలో ఇంతకంటే తొందరపడాలి. ఆడవాళ్లు ఇంటి గోడల మీద వేసిన బొమ్మలు ఇంటితోపాటే పోతాయి కనుక వాటి ఆనవాళ్లు మనకు చాలా తక్కువగా మిగిలాయి. మిథిల చిత్రాల సంగతే చూడండి. 1934 జనవరిలో బీహారులో వచ్చిన పెను భూకంపానికి ఇళ్లు కూలినప్పుడు, నష్టాన్ని చూడటానికి వెళ్లిన డబ్ల్యు.జి. ఆర్చర్ అనే ఆంగ్లేయ అధికారికి బీటలు వారిన ఇళ్ల లోగోడల మీద ఆ చిత్రాలు కనిపించాయి. తరువాత ఆయన తీసిన ఫొటోలు, 1949లో ‘మార్గ్’ పత్రికలో రాసిన వ్యాసం వల్లనే అవి బయటి ప్రపంచానికి తెలిశాయి. మీకైతే ఆ గోడ ఎప్పుడు కూలబోతోందో ముందే తెలుసు, ఆ వ్యవధిని వృథా చేయకండి. ఉదయపు ఎండ ఏటవాలుగా పడే వేళ ఫొటోలు తీస్తే కుంచె ఎక్కడ ఆగిందో, జాజు మీద సున్నం ఎంత మందంగా పడిందో కూడా తెలుస్తుంది. ప్రతి ఫొటోలోనూ కొలత టేపు కనిపించేలా చూడండి.

ఇంత చేసినా ఆమె చేయి నడిచిన తీరు వీటిలో ఉండదు, నాకు అన్నిటికంటే ఎక్కువ ఆరాటం దాని గురించే. నోటుపుస్తకంలో ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు’ అని ఉందనుకోండి, ముగ్గు తెలిసినవారికి ఆ మాత్రం చాలు: నడిమి వరుసలో 15 చుక్కలు పెట్టి, అటూ ఇటూ వరుసకొకటి తగ్గిస్తూ 8కి వస్తే మొత్తం 169 చుక్కలవుతాయి. అయితే మెలికను ఏ చుక్క దగ్గర ఎత్తుకునేవారు, చేయి ఎక్కడ ఆపేవారు, రెండు గీతలు ఒకేసారి పడేలా పిండిని వేళ్ల సందుల్లోంచి ఎలా వదిలేవారు అన్నది కాగితం మీద కనిపించదు. ఆమె దగ్గర నేర్చుకున్న కోడళ్లు, చెల్లెళ్లు, ఇరుగుపొరుగువారు ఎవరున్నా, ఈ వారంలోనే వారి ముందు పుస్తకం పెట్టి, వాకిట్లో ఒక ముగ్గు వేయించి, పైనుంచి వీడియో తీయండి. జాజు ఎక్కడి నుంచి తెచ్చేవారు, ఎంతసేపు నానబెట్టేవారు, కుంచెకు ఈతపుల్ల కొసను నలగ్గొట్టేవారా, పుల్లకు గుడ్డ చుట్టేవారా అని అడగండి. పసుపులో సున్నం పడితే ఎరుపెక్కుతుందని అందరికీ తెలుసు, ఏది ఎంత కలిపితే ఆమె చిలుకల ముక్కు రంగు వచ్చేదో పక్కన కూర్చుని చూసినవారే చెప్పగలరు.

మీరు వేసే పుస్తకంలో పొగడ్తల కంటే ఈ వివరాలకే ఎక్కువ చోటివ్వండి. ఎవరి పెళ్లికి ఏ బొమ్మ వేశారో, ఆమె రంగులు దిద్దిన ఐరేని కుండ ఎవరి అటక మీదనైనా ఉందేమో ఊళ్లో ఇంటింటా అడిగి రాసుకోండి. ఇదంతా పూర్తి కావడానికి సమయం పడుతుంది కనుక, పడగొట్టేటప్పుడు ఆ గోడను చివరికి ఉంచమని మీ బాబాయితో ఇప్పుడే మాట్లాడండి.