రష్యన్‌లో భిన్నాలు నోటికి రావాలంటే

చిరంజీవి శ్రావణికి, ఆశీస్సులు.

మెడిసిన్ చదవడానికి రష్యా వెళ్తున్నావు. పాఠాలు ఇంగ్లీషులో చెప్పినా వార్డులో రోగి మాట్లాడేది రష్యనే. మందు మోతాదు, జ్వరం, టైము, అన్నిట్లోనూ భిన్నాలు తగులుతాయి. అంకెలు వచ్చాక ముందు వీటినే పట్టు.

మనం ‘ఐదింట రెండు’ అని కింది అంకె ముందు చెబుతాం. వాళ్లకు పై అంకె ముందు: ‘ద్వే ప్యాతిఖ్’. ‘ద్వా’ అంటే తప్పు. పైకి అనకపోయినా అక్కడ ‘చాస్త్’, అంటే భాగం, అనే స్త్రీలింగ పదం ఉన్నట్టే లెక్క. ఐదింట ఒకటి ‘అద్నా ప్యాతయ’. పై అంకె చివర ‘అద్నా’ వినిపిస్తే కింది మాట ఏకవచనం, లేదంటే షష్ఠీ (మన ‘యొక్క’ అర్థమిచ్చే విభక్తి) బహువచనం. అందుకే 0,21 (మన 0.21, అంటే వందింట ఇరవై ఒకటి)లో ‘ద్వాత్సత్ అద్నా సోతయ’, 0,11లో మాత్రం ‘అదీన్నత్సత్ సోతిఖ్’. సగం, మూడోవంతు, పావులకు విడి మాటలున్నాయి: పలవీన, త్రేత్, చేత్వెర్త్. ముప్పావు ‘త్రీ చేత్వెర్తి’.

దశాంశానికి వాళ్లు చుక్క పెట్టరు, కామా పెడతారు. కాగితం మీద 1,250 అని ఉంటే అది ఒకటింబావు, పన్నెండు వందల యాభై కాదు. వేలకు మధ్యలో ఖాళీ వదులుతారు. మందుచీటీ దగ్గర ఈ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది, రెండుసార్లు చూసుకో. 2,3ని ‘ద్వే త్సేలిఖ్ త్రీ దిస్యాతిఖ్’ (రెండు పూర్ణాలు, పదింట మూడు) అని చదవాలి. ఒంటి వేడి 36,6ని మాత్రం అందరూ ‘త్రీత్సత్ షేస్త్ ఇ షేస్త్’ అనేస్తారు.

బాగా చదివినవాళ్లూ తడబడేది తర్వాత వచ్చే నామవాచకం దగ్గర. భిన్నం తర్వాత లీటరు లాంటి కొలత మాట వస్తే అది షష్ఠీ ఏకవచనమే: 5,5 లీటర్లు ‘ప్యాత్ త్సేలిఖ్ ప్యాత్ దిస్యాతిఖ్ లీత్ర’. అదే ఐదున్నర అని చెబితే ‘ప్యాత్ స్ పలవీనయ్ లీత్రఫ్’, ఎందుకంటే ఇక్కడ పెత్తనం ఐదుది. ఒకటిన్నరకు లింగభేదం ఉంది: ‘పల్తరా లీత్ర’, ‘పల్తరీ తబ్లేత్కి’. ఈ జంటలను పైకి చదువుతూ రోజూ వల్లె వెయ్యి, సూత్రం తలుచుకుంటూ మాట్లాడితే మాట ఆగిపోతుంది.

ఇక టైము. ‘పలవీన త్రేత్యెవ’ అంటే మూడున్నర అనుకునేవు, రెండున్నర అది. మూడో గంటలో సగం గడిచిందని అర్థం. రెండుంబావు ‘చేత్వెర్త్ త్రేత్యెవ’. రెండుముప్పావు ‘బెస్ చేత్వెర్తి త్రీ’, మూడుకు పావు తక్కువ. అపాయింట్‌మెంట్ చెప్పినప్పుడు అనుమానం వస్తే ‘14:30?’ అని అంకెల్లో రాసి చూపించు.

మీ పెదనాన్న