నియాసిన్ చేయబోయే బిడ్డకు

బిడ్డా,

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నియాసిన్ తయారీ ఎంచుకున్నావని మీ బాపు చెప్పాడు. జొన్నరొట్టె తిని పెరిగిన ఇంటి పిల్లవు, నియాసిన్ అంటే బి3 విటమినే, అది నీకు పరాయిదేం కాదు. జొన్నే తిండిగా ఉన్న దక్కన్ పల్లెల్లో, ఆ విటమిన్ తక్కువై వచ్చే పెల్లాగ్రా జబ్బు కనబడేది. ఎండ తగిలిన చోటల్లా, మెడ చుట్టూ, చేతుల మీదా చర్మం నల్లబడి పొలుసులు లేచేవి. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడమే కారణమని 1960లో పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంటియా అన్నారు. దాని మీద తర్వాత వాదాలు నడిచాయనుకో. వైవాలో అడిగితే రెండూ చెప్పు.

నిర్మాణం తేలికే. పిరిడిన్ వలయం, నైట్రోజన్ నుంచి లెక్కపెడితే మూడో స్థానంలో కార్బాక్సిల్ అనే ఆమ్ల గుంపు. అదే రెండోదైతే పికోలినిక్ ఆమ్లం, నాలుగోదైతే ఐసోనికోటినిక్, అవి విటమిన్లు కావు. నువ్వు మొదలుపెట్టే పికోలిన్‌లో కార్బాక్సిల్ చోట మిథైల్ ఉంటుంది. కాబట్టి సీసా మీద 3-పికోలిన్ అనో, బీటా-పికోలిన్ అనో ఉందా చూసుకొని మూత తియ్యి. అదీ ఫ్యూమ్ హుడ్‌లోనే. ఆ కంపు బట్టలకు పడితే ఓ పట్టాన పోదు, మంచిది కూడా కాదు.

పొటాషియం పర్మాంగనేట్‌కు వలయం తట్టుకుంటుంది, మిథైల్ లొంగి కార్బాక్సిల్‌గా మారుతుంది. 9.3 గ్రాముల పికోలిన్‌కు లెక్క ప్రకారం 31.6 గ్రాముల పర్మాంగనేట్ కావాలి, కొంచెం ఎక్కువే పెట్టుకో. ఒక్కసారి గుమ్మరించకు. చెంచాడు వేసి, ఊదా రంగు పోయాకే మరో చెంచాడు. ఎండాకాలం మన దగ్గర నల్లా నీళ్లే కాగి వస్తాయి, ఫ్లాస్కులోంచి లేచే ఆవిరిని చల్లార్చే కండెన్సర్‌కు అవి సరిపోవు. ఐసు వేసిన బకెట్ నుంచి చిన్న పంపుతో తిప్పు, లేకుంటే పికోలిన్ ఆవిరితో పోతుంది. చివర్న గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్ మడ్డిని వేడి మీదే వడపోసి, మరుగు నీళ్లతో రెండుసార్లు కడుగు. నీ సరుకు సగం అందులోనే దాక్కుంటుంది. ఫ్లాస్కుకు పట్టిన మరకకు ఆక్సాలిక్ ఆమ్లం వెయ్యి.

అసలు టెన్షన్ ఆమ్లం పోసేటప్పుడు. నియాసిన్ లవణంగా కరిగి ఉన్న ఆ వడపోసిన నీళ్లను కాచి తగ్గించి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క చుక్కగా వదులు, పీహెచ్ 3.4 దగ్గర ఆపెయ్యి. ఈ అణువులో కార్బాక్సిల్ ప్రోటాన్‌ను వదులుతుంది, నైట్రోజన్ పట్టుకుంటుంది. రెండూ సరితూగేది ఆ పీహెచ్‌లోనే, నీటిలో కరగడం అప్పుడే అన్నింటికన్నా తక్కువ. ఇంకా పోస్తే హైడ్రోక్లోరైడ్ లవణమై మళ్లీ కరిగిపోతుంది, స్ఫటికాలు రాలేదేమని గ్లాసు రాడ్‌తో గీకుతూ కూర్చుంటావు. పీహెచ్ పేపర్‌ను నమ్మకు, మీటర్ అడిగి తెచ్చుకో. దాన్ని పీహెచ్ 4 బఫర్‌తో సరిచూసుకో.

ఐసులో చల్లార్చి తీసిన పొడిని వేడి నీళ్లలోంచి మళ్లీ స్ఫటికీకరించు. నూటికి నూరు శాతం దిగుబడి అంటే 12.3 గ్రాములు, అంత ఎవరికీ రాదు. బాగా ఆరాక 236 డిగ్రీల దగ్గర కరగాలి. ముందే మెత్తబడితే మలినమో తేమో మిగిలిందన్నట్టే, ఇంకోసారి స్ఫటికీకరించు. మెల్టింగ్ పాయింట్ రాగానే ఫోన్ చెయ్యి, తక్కువొచ్చినా ఉన్నదున్నట్టు చెప్పు.

మీ పెద్దబాపు
హన్మకొండ