లాగ్‌లు రాకపోతే ఎంపీసీ మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి, తెలంగాణ స్టేట్ సిలబస్. ఏడో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ చదివిస్తున్నాం. మిగతా లెక్కలు బాగానే చేస్తుంది గానీ లాగరిథమ్స్ దగ్గర ఆగిపోతోంది. ఫౌండేషన్‌లో వాటి గ్రాఫు గీయమంటే ఏడుపే. ఎంపీసీ వద్దు, బైపీసీ గానీ పాలిటెక్నిక్ గానీ చూడమని ఇంట్లో అంటున్నారు. ఏది మంచిది? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీరు అడిగింది మూడు దారుల గురించి. మీ భయం మాత్రం వేరే: కట్టిన ఫీజు వృథా అయిందా, పిల్లకు లెక్కల బుర్ర లేదా అని. వాస్తవ సంఖ్యల పాఠం చివర్లో వచ్చే ఈ లాగ్‌ల ముక్క రాలేదని బుర్రను కొలవకండి. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి లెక్కల పుస్తకంలో సంవర్గమానాలే, అంటే లాగరిథమ్సే లేవు. అది చదివిన పిల్లలూ జేఈఈ రాస్తున్నారు.

బైపీసీకి వెళ్తే లాగ్‌ల పీడ వదులుతుందన్న మాట ఎవరు చెప్పారో గానీ, వాళ్లు కెమిస్ట్రీ పుస్తకం తెరవలేదు. హైడ్రోజన్ అయాన్ గాఢత 2 × 10⁻³ అయితే పీహెచ్ ఎంత? 3 లోంచి లాగ్ 2, అంటే 0.3010 తీసేస్తే 2.699. తీసేయాల్సింది కలిపేసి 3.301 రాసేవాళ్లు చాలామంది. అర్ధాయువు సూత్రంలో కనిపించే 0.693 కూడా 2.303ను 0.3010తో గుణిస్తే వచ్చిందే. పాలిటెక్నిక్ మొదటి సంవత్సరం లెక్కల్లోనూ లాగ్‌లు ఎదురవుతాయి.

అసలు తప్పు ఎక్కడ జరుగుతోందో ఇంట్లోనే కనుక్కోవచ్చు. ఆధారం 8 అయితే 32కి లాగ్ ఎంతని అడగండి. 4 అని రాస్తే 32ను 8తో భాగించేసిందన్నమాట. లాగ్ అంటే ఘాతాంకమేనని ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చేయాల్సింది ఇది: జవాబు ఎక్స్ అనుకుంటే, 8ని ఎక్స్ ఘాతానికి ఎత్తితే 32 రావాలి. 8 అంటే 2³, 32 అంటే 2⁵. కాబట్టి 3ఎక్స్ = 5, ఎక్స్ = 5/3. ఇక్కడ భిన్నం చూసి బెదిరితే లోపం లాగ్‌లలో లేదు, ఘాతాంకాల్లో ఉంది. ఆధారం 1/2 తీసుకుని 8కి లాగ్ అడిగితే −3 అని చెప్పగలగాలి. చెప్పలేకపోతే రుణ ఘాతాంకాలు, భిన్న ఘాతాంకాలు రెండు వారాలు రోజుకు అరగంట చేయించండి. ఆ తర్వాతే సూత్రాలు. లాగ్ (2+3)ని లాగ్ 2 + లాగ్ 3 అని విడగొడితే తిట్టకుండా ఆధారం 10తో విలువలు వేయించండి: 0.3010 + 0.4771 = 0.7781. అది లాగ్ 6. 5 అంటే 10/2, కాబట్టి లాగ్ 5 కావాలంటే లాగ్ 10 అయిన 1 లోంచి 0.3010 తీసేయాలి, 0.6990.

గ్రాఫు దగ్గర ఏడుపుకు కారణం పట్టిక. పిల్లలు అలవాటు కొద్దీ ఎక్స్‌కు 0, 1, 2, 3 ఇస్తారు. సున్నాకి లాగ్ లేదు, ఆధారం 2 అయితే 3కి పూర్ణసంఖ్య రాదు. అక్కడే పెన్ను ఆగుతుంది. ఆధారం 2తో ఎక్స్‌కి లాగ్ వై అనుకుని, వై విలువలు ముందు పెట్టుకోమనండి: −3 నుంచి 3 వరకు. ఎక్స్ వరుసగా 1/8, 1/4, 1/2, 1, 2, 4, 8 వస్తుంది. సెంటీమీటరుకు ఒక యూనిట్ అనుకుంటే 1/8 బిందువు వై అక్షానికి ఒక మిల్లీమీటరు పైచిలుకు దూరంలో పడుతుంది. ఆ ఇరుకులో గీత అక్షాన్ని ముట్టుకుంటే తప్పు. కుడివైపు చివర గీతను అడ్డంగా పడుకోబెట్టడం ఇంకో తప్పు. అది పెరుగుతూనే ఉంటుంది, నిదానంగా. వై 10కి చేరాలంటే ఎక్స్ 1024 కావాలి, అంటే పది మీటర్లు దాటిన కాగితం! ఎక్స్ బదులు (ఎక్స్ − 3) ఇస్తే గీత మొత్తం 3 యూనిట్లు కుడికి జరుగుతుంది, ఎక్స్ అక్షాన్ని 4 దగ్గర కోస్తుంది. మైనస్ చూసి ఎడమకు జరిపేవాళ్లే ఎక్కువ.

ఇక ఫౌండేషన్ సంగతి. ఏడో తరగతి పిల్లకు ఇంటర్ షీట్లు ఇచ్చి, షార్ట్‌కట్లు బట్టీ పట్టించి, వారం వారం ర్యాంకు పంపే పద్ధతి మీద నాకు నమ్మకం తక్కువ. ఘాతాంకాలు నిలదొక్కుకోకముందే ఆధారం మార్చే సూత్రం చేతికిస్తే పిల్ల దాన్ని మంత్రంలా అప్పజెబుతుంది, గుర్తు ఒకటి మారితే తెల్లమొహం వేస్తుంది. అందరికీ చెడ్డదని కాదు. స్కూలు పాఠం పూర్తిగా వచ్చి, ఇంకా కావాలని అడిగే పిల్లకు పనికొస్తుంది. మీ అమ్మాయి అడిగిందా? ర్యాంకు మెసేజ్ చూసినంత శ్రద్ధగా ఆమె నోటుబుక్కు ఎప్పుడైనా చూశారా? ఇన్నేళ్లు ఫీజు కట్టి, ఒక్క ముక్క రాలేదని గ్రూపే మార్చేద్దామనడం తొందరపాటు మాత్రమే కాదు, ఆమె మీద మీరు వేస్తున్న ముద్ర కూడా.

మిగతా లెక్కలు బాగా చేస్తుందని మీరే రాశారు. లెక్కలు ఇష్టమైతే ఎంపీసీ. జీవశాస్త్రం చదువుతుంటే కళ్లు మెరిస్తే బైపీసీ. చేత్తో యంత్రాలు విప్పి బిగించే సరదా ఉంటే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయించండి. దీనికి ఇంకా టైముంది. ఈ ఆదివారం ఫౌండేషన్ పరీక్ష ఒకటి మాన్పించి, నాలుగు గ్రాఫు కాగితాలు కొనివ్వండి.