61లో ఎల్‌ఎల్‌బీ: ముందు మీ ఇంటర్ సర్టిఫికెట్ వెతకండి

ప్రశ్న: కరీంనగర్ జిల్లాలో రెవెన్యూ శాఖలో పనిచేసి ఈ మధ్యే నాయబ్ తహసీల్దారుగా రిటైరయ్యాను. వయసు 61. 1980లో పదో తరగతి పాసై చిన్న ఉద్యోగంలో చేరాను. తర్వాత ఓపెన్ యూనివర్సిటీలో బీఏ పూర్తి చేశాను. లా చదవాలని చాలా ఏళ్లుగా కోరిక. ఇంట్లో చెబితే మా పెద్దబ్బాయి 'ఈ వయసులో మీకెందుకు నాన్నా ఈ టెన్షన్' అంటున్నాడు. ఈ వయసులో ఎల్‌ఎల్‌బీలో చేర్చుకుంటారా? దూరవిద్యలో చేయొచ్చా? ప్రాక్టీస్ పెడితే పని దొరుకుతుందా?

జవాబు: వయసు గురించి మీకు బెంగ అక్కర్లేదు. తెలంగాణ లాసెట్ (లా కోర్సుల ప్రవేశ పరీక్ష) రాయడానికి గరిష్ఠ వయోపరిమితి లేదు. చదివాక నల్లకోటు వేసుకోవడానికీ వయోపరిమితి లేదు. ఒకప్పుడు 45 ఏళ్లు దాటినవారిని అడ్వకేట్లుగా నమోదు చేసుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక నిబంధన పెట్టింది. 1995లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి వయసు దగ్గర మిమ్మల్ని ఎవరూ ఆపరు.

నన్ను ఆపింది మీ ఉత్తరంలో లేని మాట. పదో తరగతి గురించి రాశారు, బీఏ గురించి రాశారు. ఇంటర్ ఊసే లేదు. మర్చిపోయి రాయలేదా, అసలు చదవలేదా? మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఎందుకంటే 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు (దేశంలో అదే మొదటిది, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టారు) ఇంటర్ లేనివాళ్లూ అర్హత పరీక్ష ఒకటి రాసి నేరుగా బీఏలో చేరే వీలుండేది. అటెండర్లు, కండక్టర్లు, గృహిణులు ఎంతోమంది ఆ దారిలో డిగ్రీ పట్టా అందుకున్నారు. అది గొప్ప పని, ఆ పట్టాకు నేను వంక పెట్టను. కానీ న్యాయవిద్యకు సంబంధించి బార్ కౌన్సిల్ 2008లో చేసిన నిబంధనలు, కింది చదువు లేకుండా సార్వత్రిక విధానంలో నేరుగా డిగ్రీ పొందినవారు లా కోర్సుకు అర్హులు కారంటున్నాయి. పది, ఆపై రెండేళ్లు, ఆపై మూడేళ్లు, ఈ వరుస ఉండాలి. మీకు ఇంటర్ ఉండి, ఆ తర్వాత ఓపెన్‌లో బీఏ చేసి ఉంటే ఏ ఇబ్బందీ లేదు. డిగ్రీ దూరవిద్యలో చేశారన్న ఒక్క కారణంతో కాదనరు. అర్హత పరీక్ష ద్వారా చేరి ఉంటే మాత్రం, లాసెట్‌లో ర్యాంకు వచ్చినా సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది.

'ఇప్పుడు ఓపెన్ స్కూల్లో ఇంటర్ రాసేస్తే సరిపోతుంది కదా' అని చాలామంది అడుగుతారు. రాయొచ్చు, దానికీ గరిష్ఠ వయసు లేదు. కానీ డిగ్రీ తర్వాత ఇంటర్ చేస్తే వరుస తలకిందులవుతుంది. దాన్ని నమ్ముకుని మూడేళ్ల ఫీజు కట్టమని నేను చెప్పలేను. పద్ధతిగా అయితే ఇంటర్, మళ్లీ డిగ్రీ, ఆపైన లా. అదంతా అయ్యేసరికి మీకు 70 దగ్గర పడుతుంది. చదువు మీద ప్రేమ ఉంటే అదీ చేయొచ్చు కానీ, ప్రాక్టీసే లక్ష్యమైతే నేను సిఫారసు చేయను. మీకు ఆ పరిస్థితే ఉంటే ఏం చేయాలో చివర్లో చెప్తాను.

ఇంటర్ ఉందనే అనుకుందాం.

దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీ లేదు. ఎవరైనా ఉందంటే అది బార్ కౌన్సిల్ గుర్తింపు లేనిదే. మూడేళ్లూ కాలేజీకి వెళ్లాలి, ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. 'మీరు రానక్కర్లేదు సార్, అటెండెన్స్ మేం చూసుకుంటాం' అనే దళారులు మీ ఫోన్ నంబరు సంపాదించి మరీ పలకరిస్తారు. జీవితమంతా రికార్డులు సరిచూసిన మనిషి, దొంగ రికార్డుతో వకీలు కావాలా? పైగా కాలేజీలో కూర్చోకుండా పట్టా తెచ్చుకుంటే మీ కోరికలో మిగిలేదేమిటి? హనుమకొండలో కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ ఉంది. కరీంనగర్ నుంచి రోజూ బస్సులో వెళ్లి రావడం మీ ఒంటికి పడుతుందో లేదో ఒక వారం ప్రయాణించి చూసి నిర్ణయించుకోండి. లేదా అక్కడే చిన్న గది తీసుకోండి. ఈ విషయంలో మీ ఆవిడ మాట పెద్దబ్బాయి మాట కంటే ముఖ్యం.

లాసెట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. సగం మార్కులు న్యాయశాస్త్ర పరిజ్ఞానానికి, మిగతా సగం జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ, వర్తమాన వ్యవహారాలకు. మూడేళ్ల కోర్సుకు డిగ్రీలో జనరల్ అయితే 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. మీ బీఏ మార్కుల మెమో తీసి ఇది కూడా చూసుకోండి. శాఖాపరమైన పరీక్షలు రాసి వచ్చినవారు మీరు, ప్రవేశ పరీక్ష మిమ్మల్ని భయపెట్టదు.

భయపెట్టేది చేతిరాత. నవ్వకండి. మూడు గంటల పాటు ఆగకుండా రాసి ఎన్నేళ్లయింది? పెద్ద వయసులో చదివేవాళ్లు ఎక్కువగా చెప్పే ఇబ్బంది జ్ఞాపకశక్తి గురించి కాదు, వేళ్ల నొప్పి, మెడ నొప్పి, సమయం చాలకపోవడం. ఇవాళ్టి నుంచే రోజుకు రెండు పేజీలు ఏదో ఒకటి రాయండి. కళ్లద్దాలు మార్పించుకోండి.

చదువులో మీకొక చిత్రమైన వెసులుబాటు ఉంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్యాధారాల చట్టం పోయి భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ వచ్చాయి. మనందరి నోట్లో నానిన 420 ఇప్పుడు 318లోకి వెళ్లింది. ముప్పై ఏళ్లు ప్రాక్టీసు చేసిన వకీళ్లు కూడా కొత్త సెక్షన్ల పుస్తకం పక్కన పెట్టుకుని వాదిస్తున్నారు. కొత్త నంబర్లు నేర్చుకోవడంలో 22 ఏళ్ల కుర్రాడికీ మీకూ తేడా లేదు.

ఇక అసలు ప్రశ్న, పని దొరుకుతుందా అని. క్రిమినల్ కేసులు, విడాకులు, చెక్ బౌన్సులు అన్నీ చూస్తానంటే కష్టం. 65 ఏళ్ల వయసులో కొత్తగా బోర్డు కట్టిన వకీలు దగ్గరికి ఎవరొస్తారు? కానీ మీ జిల్లా కోర్టులో ఎంతమంది యువ వకీళ్లు సేత్వార్ (తొలి భూసర్వే రికార్డు) చదవగలరో వెళ్లి అడిగి చూడండి. 1954–55 ఖాస్రా పహాణీలో (నాటి భూమి రికార్డు) పట్టాదారు కాలమ్‌కీ అనుభవదారు కాలమ్‌కీ ఉన్న తేడా వల్ల కేసు ఎలా తిరగబడుతుందో, విరాసత్ (వారసుల పేరిట మార్పు) ఎక్కడ తప్పిందో, సాదా బైనామా (రిజిస్టర్ చేయని తెల్లకాగితపు అమ్మకం) ఎందుకు ఆగిపోయిందో, సర్వే నంబరు కింద బై నంబర్లు ఎలా పుట్టాయో మీకు చేతివేళ్ల మీద ఉంటుంది. ధరణి (ఆన్‌లైన్ భూ రికార్డుల పోర్టల్) వచ్చాక రైతులు పడిన తిప్పలు మీరు బల్లకు అవతలి నుంచి చూశారు. 2025 ఏప్రిల్‌లో భూభారతి చట్టం అమల్లోకి వచ్చి, అధికారుల ఉత్తర్వుల మీద అప్పీలుకు మళ్లీ దారి ఏర్పడింది. అప్పీలు రాయడానికి రికార్డు తెలిసిన మనిషి కావాలి. మీరు భూమి కేసులు తప్ప ఇంకేమీ ముట్టుకోనని ముందే నిర్ణయించుకుంటే, పేరున్న సీనియర్ ఎవరైనా మిమ్మల్ని సంతోషంగా తన ఆఫీసులో కూర్చోబెట్టుకుంటారు. మొదటి రెండేళ్లు డబ్బు పెద్దగా రాదు. జూనియర్లందరికీ అంతే. మీకు పింఛను ఉంది, వాళ్లకు లేదు.

ఇక్కడ ఒక ముల్లు ఉంది. ప్రభుత్వ అధికారిగా రిటైరైనవారు ఎక్కడ, ఎవరి ముందు వాదించకూడదో బార్ కౌన్సిల్ నిబంధనల్లో కొన్ని ఆంక్షలు ఉన్నాయి. మీరు పనిచేసిన హోదాకు, ప్రాంతానికి అవి ఎంతవరకు వర్తిస్తాయో రాష్ట్ర బార్ కౌన్సిల్‌ను ఇప్పుడే రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోండి. నమోదు ఫీజు విషయంలో కూడా జాగ్రత్త. చట్టంలో ఉన్న 750 రూపాయలకు (ఎస్సీ, ఎస్టీలకు 125) మించి నమోదు ఫీజు వసూలు చేయకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రాక్టీసు చేయాలంటే ఆలిండియా బార్ పరీక్ష కూడా పాస్ కావాలి.

కాలేజీలో మీ మనవడి వయసు పిల్లలు 'అంకుల్' అని పిలుస్తారు. పాఠం చెప్పే మేడమ్ మీ కూతురి కంటే చిన్నది కావచ్చు. నిన్నటిదాకా జనం 'సార్' అంటుంటే అలవాటు పడిన చెవులకు ఇది మొదట్లో కొంచెం గుచ్చుకుంటుంది. లేచి నిలబడి 'ప్రెజెంట్ మేడమ్' అనడానికి మనసొప్పుతుందా? ఒప్పుకుంటే మిగతాది సులువే.

ఇంటర్ లేకపోతే ఏం చేయాలో చెప్తానన్నాను. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్లను తీసుకుంటారు. 2009 నుంచి నడుస్తున్న నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) పథకం ఇది. పదో తరగతి చాలు. రిటైరైన ప్రభుత్వ ఉద్యోగులను, సీనియర్ సిటిజన్లను తీసుకోవచ్చని పథకంలోనే రాశారు. శిక్షణ ఇస్తారు, పని చేసిన రోజులకు కొద్దిపాటి గౌరవ వేతనం ఇస్తారు. గ్రామాల్లో న్యాయ సహాయ కేంద్రంలో కూర్చుని అర్జీలు రాయించడం, ఉచిత వకీలును ఇప్పించడం, లోక్ అదాలత్‌కు దారి చూపడం మీ పని. వకీలు కాలేరు, ఫీజు తీసుకోలేరు. అయినా నన్నడిగితే, ఇంటర్ ఉన్నా సరే లాసెట్‌కు ముందు కొన్ని నెలలు ఈ పని చేసి చూడమంటాను. న్యాయం కోసం వచ్చే మనిషి పక్కన కూర్చోవడం మీకు నచ్చుతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

మీ అబ్బాయికి ఒక మాట. నాన్నగారికి టెన్షన్ పెట్టేది చదువు కాదు, రిటైరైన మొదటి ఏడాది పొద్దున పదింటికి ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేకపోవడం. మీకు చేతనైతే లాసెట్ పాత ప్రశ్నపత్రాలు డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసివ్వండి.

ఇంటర్ మెమో దొరక్కపోతే కంగారు పడకండి. చదివిన కాలేజీ ద్వారా ఇంటర్ బోర్డుకు డూప్లికేట్ కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు, హాల్ టికెట్ నంబరు, పాసైన సంవత్సరం తెలిస్తే పని త్వరగా అవుతుంది. నలభై ఏళ్ల నాటి రికార్డు బయటికి తీయించడం ఎలాగో మీకు నేను చెప్పాలా?